రంగు వేస్తే సగం ఖీమత్: పాత ఎలక్ట్రిక్ గిటార్ల తారీఖ్

1959లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, కలమజూ ఊళ్లో గిబ్సన్ కంపెనీ చేసిన లెస్ పాల్ అనే ఎలక్ట్రిక్ గిటార్ ధర సుమారు 250 డాలర్లు. ఆ రోజుల్లో ఔన్సు బంగారం సర్కారీ రేటు 35 డాలర్లు. అంటే ఆ గిటార్ పైసలకు ఏడు ఔన్సుల పైచిలుకు బంగారం. పది గ్రాముల తులం హిసాబ్‌లో దగ్గర దగ్గర 22 తులాలు. ఎవరి నానీమా సందూఖ్‌లోనైనా ఆ 22 తులాలు ఇన్నేళ్లూ పడి ఉంటే ఈ రోజు ఆ ఖాన్‌దాన్‌కు మంచి ఆసరానే. కానీ అదే గిటార్ ఎవరూ మార్చకుండా, రంగు వేయకుండా మిగిలి ఉంటే దాని ఖీమత్ ముందు ఆ బంగారం చిన్న ముక్క. బజార్లో అది లక్షల డాలర్లు పలుకుతుంది.

అసలు తమాషా ఇక్కడ ఉంది. అదే ఏడాది, అదే కార్ఖానా, అదే చెక్క గిటార్‌ను మధ్యలో ఎవరో మాలిక్ ముచ్చటపడి, మంచి కారీగర్‌తో కొత్త రంగు వేయించాడనుకోండి. చూడటానికి దగదగ మెరిసిపోతుంది. ఖీమత్ మాత్రం దాదాపు సగానికి పడిపోతుంది. పాత ఇంటికి సున్నం వేయిస్తే కిరాయి పెరుగుతుంది, పాత కారుకు రంగు వేయిస్తే నాలుగు పైసలు ఎక్కువ వస్తాయి. ఇక్కడ హిసాబ్ ఉల్టా. ఎందుకు ఉల్టా అయ్యిందో చెప్పడమే ఈ వ్యాసం మక్సద్.

ముందే ఒక మాట. నేను వాయించేవాణ్ని కాను. పాత వస్తువుల తారీఖ్ చదవడం నా షౌక్. మూసీఖీ గురించి మన ఇళ్లల్లో నడిచే బహస్ ఇక్కడ ఎత్తను. ఈ కిస్సా వస్తువు గురించి, దాన్ని చేసిన చేతుల గురించి, దాన్ని అమ్మేవాడి జబాన్ గురించి.

రేడియో మెకానిక్ చేసిన గిటార్

ఎలక్ట్రిక్ గిటార్ ఉమ్ర్ ఇంకా నిండా వందేళ్లు కాలేదు. 1930ల మొదట్లో లాస్ ఏంజిలిస్‌లో జార్జ్ బీచమ్, అడాల్ఫ్ రికెన్‌బాకర్ అనే ఇద్దరు కలిసి అల్యూమినియంతో పోతపోసిన ఒక గిటార్‌ను బజార్లోకి తెచ్చారు. ఒళ్లో పెట్టుకుని వాయించేది. గుండ్రటి పొట్ట, పొడుగాటి కాడ చూసి జనం దానికి పెట్టిన పేరు ‘ఫ్రయింగ్ పాన్’, అంటే మన పెనం. దానికి 1937లో పేటెంట్ వచ్చింది. సూత్రం సాదాసీదా. ఉక్కు తీగల దగ్గర ఒక అయస్కాంతం, దానితోపాటు వేల చుట్లు చుట్టిన సన్నటి రాగి తీగ. పైన తీగ కదిలితే కింద చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. ఆంప్లిఫయర్ దాన్ని పెద్ద ఆవాజ్ చేస్తుంది. ఈ భాగాన్నే పికప్ అంటారు. దీంతో గిటార్ పొట్ట బోలుగా ఉండాల్సిన జరూరత్ తీరిపోయింది. గట్టి దుంగ లాంటి చెక్కతోనూ గిటార్ చేయొచ్చు.

ఆ పనిని పెద్ద ఎత్తున చేసి చూపించినవాడు లియో ఫెండర్. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో ఆయనది రేడియోలు మరమ్మత్ చేసే దుకాణ్. గిటార్ వాయించడం ఆయన జిందగీలో నేర్చుకోలేదు. కానీ పాడైన వస్తువు విప్పి చూసేవాడికి అది ఎక్కడ, ఎందుకు పాడవుతుందో తెలుస్తుంది. 1950లో బ్రాడ్‌కాస్టర్ పేరుతో గట్టి చెక్క గిటార్ తెచ్చాడు. మా డ్రమ్ముల పేరుకు దగ్గరగా ఉందని గ్రెచ్ కంపెనీ అభ్యంతరం చెప్పింది. 1951లో పేరు టెలికాస్టర్ అయ్యింది. ఈ రెండు పేర్ల మధ్య కొన్ని నెలలు, వృథా ఎందుకని, పాత స్టిక్కర్లలో బ్రాడ్‌కాస్టర్ అనే ముక్క కత్తిరించి ఒక్క ‘ఫెండర్’ మాట మాత్రమే అతికించారు. పైసల పొదుపు కోసం చేసిన ఆ కత్తిరింపు గిటార్లను ఈ రోజు షౌఖీన్లు ‘నోకాస్టర్’ అంటారు, వెతికి వెతికి కొంటారు.

1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చింది. తీగలను వణికించే కడ్డీతో ధర 249 డాలర్ల 50 సెంట్లు. ఫెండర్ గిటార్లలో మెడ భాగాన్ని జిగురుతో అతికించలేదు, నాలుగు స్క్రూలతో బిగించారు. మెడ పాడైతే స్క్రూలు విప్పి కొత్తది బిగించుకో, పని చూసుకో. ఇది అచ్చం రేడియో మెకానిక్ ఆలోచన. భాగాలు మార్చుకోవడానికే పుట్టిన గిటార్ అది. అదే గిటార్‌లో ఈ రోజు ఒక్క స్క్రూ మారినా కొనేవాడు మొహం చిట్లిస్తున్నాడు. ఆ మార్పు ఎలా వచ్చిందో తెలియాలంటే కలమజూకి వెనక్కి వెళ్లాలి.

అమ్ముడుపోని గిటార్

గిబ్సన్ కంపెనీ 1952లో లెస్ పాల్ అనే మషూర్ వాద్యకారుడి పేరుతో బంగారు రంగు గిటార్ తెచ్చింది. 1957లో సెత్ లవర్ అనే ఇంజనీర్ తయారుచేసిన కొత్త పికప్ బిగించింది. కరెంటు దీపాల దగ్గర వచ్చే గుయ్ అనే చప్పుడును అది అణిచేస్తుంది. పేటెంట్ కోసం దరఖాస్తు పెట్టాం అని చెప్పే చిన్న స్టిక్కర్ పికప్ అడుగున ఉండేది. 1958లో బంగారు రంగు తీసేసి, మేపుల్ చెక్క చారలు కనపడేలా, అంచుల్లో చెర్రీ ఎరుపు, మధ్యలో పసుపు వేశారు. సూర్యాస్తమయం రంగు అనుకోండి.

జనం పట్టించుకోలేదు. మోయడానికి బరువు, జేబుకూ బరువు. 1958 నుంచి 1960 వరకు పదిహేను వందలకు అటూ ఇటూ తయారయ్యాయి. 1961లో కంపెనీ ఆ షక్ల్‌నే మార్చేసింది. ఆ రంగులో అప్పటికి ఆ గిటార్ కథ ఖతమ్.

తర్వాత జరిగింది ఇంగ్లండ్‌లో. అక్కడి కుర్రాళ్లు సెకండ్ హ్యాండ్ దుకాణాల్లో ఈ వద్దన్న గిటార్లను కొన్నారు. 1964లో కీత్ రిచర్డ్స్ చేతిలో ఒకటి కనపడింది. 1966 జులైలో జాన్ మేయల్ బృందంతో ఎరిక్ క్లాప్టన్ వాయించిన రికార్డు వచ్చింది. ఆ పికప్‌ను పెద్ద వాల్యూమ్‌లో పెట్టిన ఆంప్లిఫయర్‌కు కలిపితే వచ్చే మందమైన, పొడుగాటి ఆవాజ్ విని సముద్రానికి రెండు వైపులా కుర్రాళ్లు పిచ్చెక్కిపోయారు. క్లాప్టన్ గిటార్ అదే ఏడాది చోరీ అయ్యింది. కొత్తది కొందామంటే కంపెనీ చేయడం లేదు. మిగిలిన దారి ఒక్కటే, పాతది వెతకడం.

షికాగో వాద్యకారుడు మైక్ బ్లూమ్‌ఫీల్డ్ ఆ రోజుల్లోనే తన బంగారు రంగు లెస్ పాల్, పైన 100 డాలర్లు ఇచ్చి, డాన్ అర్లవైన్ అనే అతని దగ్గర ఉన్న 1959 గిటార్‌ను బదలాయించుకున్నాడు. ఆ డాన్ అర్లవైన్ తర్వాత అమెరికాలోనే పేరున్న గిటార్ మరమ్మత్ ఉస్తాద్ అయ్యాడు. ఆయనకే అప్పుడది 100 డాలర్ల తేడా ఉన్న సౌదా. ఖీమత్ అనేది వస్తువులో పుట్టుకతో ఉండదు, జమానా దాని మీద రాస్తుంది అని చెప్పడానికి ఇంతకన్నా మిసాల్ ఏం కావాలి?

కొత్తది దిగజారితే పాతది పెరిగింది

1965 జనవరిలో లియో ఫెండర్ తబియత్ బాగాలేక కంపెనీని అమ్మేశాడు. కొన్నది సీబీఎస్ అనే పెద్ద ప్రసార సంస్థ. ఇచ్చింది 1 కోటి 30 లక్షల డాలర్లు. కొత్త మాలికుల హిసాబ్ వేరు: ఎక్కువ గిటార్లు, తక్కువ ఖర్చు. 1968 నాటికి పల్చటి నైట్రో రంగు పోయి మందపాటి పాలియెస్టర్ పూత వచ్చింది. 1971లో మెడ పట్టే నాలుగు స్క్రూలు స్ట్రాటోకాస్టర్‌లో మూడయ్యాయి. వాయించేవాళ్లకు చేతికే తెలిసిపోయింది. ‘సీబీఎస్‌కు ముందుదా, తర్వాతదా?’ అనే సవాల్ దుకాణాల్లో మొదలైంది. ఇప్పటికీ కొనేవాడి నోట మొదట వచ్చే సవాల్ అదే.

గిబ్సన్ కూడా 1969లో వేరే చేతుల్లోకి వెళ్లింది. 1968లో లెస్ పాల్‌ను మళ్లీ మొదలుపెట్టినా పాత హునర్ అట్లాగే రాలేదు. 1984లో కలమజూ కార్ఖానా మూతపడింది. అక్కడి పాత కారీగర్లు కొందరు ఊరు వదలలేదు. 1985లో అదే కార్ఖానా భవనంలో హెరిటేజ్ అనే సొంత కంపెనీ పెట్టుకున్నారు. అదే ఏడాది సీబీఎస్ ఫెండర్‌ను అందులో పనిచేసేవాళ్లకే అమ్మేసింది, 1 కోటి 25 లక్షల డాలర్లకు. ఇరవై ఏళ్లు నడిపి, కొన్న ధరకన్నా తక్కువకు. ఆ ఇరవై ఏళ్లలోనే పాత ఫెండర్ గిటార్ల ఖీమత్ పైకి పోతూ ఉంది. కంపెనీ దిగింది, కంపెనీ పాత పని ఎక్కింది.

ఈ దౌర్‌లోనే జార్జ్ గ్రూన్ లాంటి సౌదాగర్లు వచ్చారు. షికాగో యూనివర్సిటీలో జంతుశాస్త్రం చదివి, పాముల మీద షౌక్ పెంచుకున్న మనిషి. 1970లో నాష్‌విల్‌లో పాత గిటార్ల దుకాణ్ తెరిచాడు. జీవులను జాతులుగా, ఉపజాతులుగా విడదీసే ఇల్మ్‌ను గిటార్ల మీదికి తెచ్చాడు. ఏ ఏడాది ఏ స్క్రూ, ఏ రంగు, ఏ బటన్ అని పట్టికలు తయారయ్యాయి. అంతకుముందు ‘పాత గిటార్’ అంటే వాడేసిన గిటార్. ఈ పట్టికల తర్వాత అది ఒక దస్తావేజు.

చెక్కలో దాచిన గవాహీ

దస్తావేజు అన్నాక చదవడం రావాలి. పాత గిటార్‌ను పరఖ్ చేసేవాళ్లు ముందు తీగలు మీటరు, స్క్రూలు విప్పుతారు.

ఫెండర్ మెడ విప్పితే దాని మడమ మీద చాలాసార్లు పెన్సిల్‌తో రాసిన తారీఖు ఉంటుంది. 1950ల మెడల మీద టి.జి. అనే పొడి అక్షరాలు కనపడితే షౌఖీన్ల గుండె ఆగుతుంది. అది మెడలు చెక్కిన తదేయో గోమెజ్ అనే కారీగర్ నిషానీ. వాల్యూమ్ తిప్పే మీట కింద పాట్ అనే భాగం మీద అంకెలు ఉంటాయి. మొదట 304 ఉంటే స్టాక్‌పోల్ కంపెనీ, 137 ఉంటే సీటీఎస్ కంపెనీ. తర్వాతి అంకెలు ఏడాది, వారం. 3046612 అంటే 1966లో పన్నెండో వారం. గిటార్ అంతకన్నా పాతది కాలేదు, కొత్తది కావచ్చు. ఆ పాట్ మీద టంకం మొదటిసారి వేసినట్టే మెరుస్తూ ఉందా, మళ్లీ కరిగించిన గుర్తు ఉందా అని భూతద్దంతో చూస్తారు. మెడ పలక మీది సీరియల్ నంబర్‌ను మాత్రం గుడ్డిగా ఎతబార్ చేయరు. నంబర్లు కొట్టిన పలకలు డబ్బాలో పోసి చేతికి అందింది బిగించేవాళ్లు, అందుకే వరస తప్పుతుంది.

రంగు ఇంకో గవాహ్. పాత నైట్రో పూత చలికి, వేడికి సన్నగా పగుళ్లిస్తుంది, తెలుపు పసుపవుతుంది. అతినీలలోహిత దీపం కింద పెడితే పాత పూత పచ్చగా మెరుస్తుంది. తర్వాత దిద్దిన చోటు నల్లగా బయటపడుతుంది. 1958, 1959 గిబ్సన్లలో వాడిన ఎరుపు ఎండకు నిలవలేదు. దుకాణం అద్దాల వెనక వేలాడిన గిటార్ తేనె రంగయ్యింది, పెట్టెలో పడుకున్నది ఎర్రగానే మిగిలింది. పికప్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రం తీస్తే కింద మొదటి ఎరుపు ఇప్పటికీ కనపడుతుంది. అప్పట్లో అది కంపెనీకి ఐబ్. 1960లో ఎక్కువ నిలిచే ఎరుపు వాడారు. ఇప్పుడు ఒక్కో వెలిసిన రంగుకు ఒక్కో ముద్దుపేరు ఉంది. రెండు గిటార్లు ఒకేలా వెలవలేదు కాబట్టి ప్రతిదానికీ తనదైన చెహ్రా వచ్చింది.

నా దిల్‌కు బాగా హత్తుకున్న గవాహీ ఇంకొకటి. 1950ల, 60ల ఫెండర్ గిటార్ల లోపలి గుంటలో కొన్నిసార్లు చిన్న టేపు ముక్క అతికించి ఉంటుంది. దాని మీద చేతిరాత: మేరీ, గ్లోరియా, వర్జీనియా. వైర్లు కలిపి, భాగాలు బిగించిన ఔరత్‌ల పేర్లు. ఫుల్లర్టన్ కార్ఖానాలో మెక్సికన్ ఖాన్‌దాన్‌ల నుంచి వచ్చిన మజ్దూర్లు చాలామంది. పికప్‌లు చుట్టిన అబిగైల్ ఇబార్రా 1956లో చేరి 2013లో రిటైర్ అయ్యింది. ఆ ఆడవాళ్లు చుట్టిన పికప్‌ల ఆవాజ్‌తో వాద్యకారులు కోట్లు గడించారు. కార్ఖానా ఆ పేర్లను గిటార్ పైన ఎక్కడా రాయలేదు. లోపల టేపు ముక్క మీద మాత్రం మిగిలాయి. కొత్త రంగు వేయడానికి గిటార్‌ను గీకి, గుంట తుడిచి శుభ్రం చేసినప్పుడు చెత్తబుట్టలో పడేది ముందుగా ఆ టేపు ముక్కే. రంగు వేస్తే సగం ఖీమత్ ఎందుకు పోతుందో ఇప్పుడు తెలిసింది గదా. పోయింది రంగు కాదు, గవాహీ.

కళాయి వేరు, పేరు చెరపడం వేరు

అలాగని ఏ మరమ్మత్తూ చేయొద్దని కాదు. గిటార్లు చేసేవాణ్ని, బాగుచేసేవాణ్ని ‘లూథియర్’ అంటారు. ఆ మాట ల్యూట్ అనే వాద్యం పేరు నుంచి వచ్చింది. ల్యూట్ అనే మాట అరబీలోని ‘అల్-ఊద్’ నుంచి వచ్చింది. ఊద్ అంటే చెక్క. అందులోనే అతని పని అంతా ఉంది, చెక్కను తెలుసుకోవడం.

మన ఇళ్లల్లో రాగి దేగ్‌కు కళాయి వేయించేవాళ్లం. కళాయి అరిగిన దేగ్‌లో వండితే జహర్. అది వేయించడం దేగ్‌కు ఖిద్మత్. అదే దేగ్ అంచు మీద దాదా పేరు, పెళ్లి తారీఖు చుక్కలతో కొట్టించి ఉంటుంది. మెరుపు కోసం దాన్ని సానపట్టి చెరిపేస్తే నుక్సాన్. గిటార్‌లోనూ ఇదే అదబ్. వేళ్ల కింద ఉండే ఫ్రెట్లు అరుగుతాయి. వాయించే గిటార్‌కు మార్చక తప్పదు, మంచి పనితనంతో మారిస్తే ఖీమత్ కొంచెమే తగ్గుతుంది. తీగలు ఆనే ఎముక ముక్క కూడా అంతే. తీసిన పాత భాగాలను తెలివైన కారీగర్ పారేయడు, కవర్లో వేసి గిటార్ పెట్టెలోనే ఉంచుతాడు. గిటార్ అమ్మినప్పుడు ఆ కవర్ కూడా వెళ్తుంది.

గిబ్సన్‌లకు ఒక పుట్టు ఐబ్ ఉంది. తల భాగం వెనక్కి బాగా వంగి ఉంటుంది, చెక్క మహాగని, పైగా మెడలో ఇనుప కడ్డీ మీట కోసం అక్కడే తొలిచేస్తారు. కింద పడితే సరిగ్గా అక్కడే విరుగుతుంది. మంచి జిగురుతో అతికిస్తే వాయించడానికి ఫరక్ ఉండదు. అయినా ఖీమత్ దాదాపు సగం. వాయించేవాడికి ఇది నేమత్. సగం ధరకే పూరా ఆవాజ్.

1952 నుంచి 1956 వరకు వచ్చిన బంగారు రంగు లెస్ పాల్‌లను తీసుకుని, 1959 దానిలా మార్చే కారీగర్లు కూడా ఉన్నారు. చెక్క పాతదే, కార్ఖానా అదే, పికప్‌లు, రంగు తర్వాతివి. ‘ఇది మార్చినది’ అని చెప్పి అమ్మితే అది హునర్. చెప్పకుండా 1959 అని అమ్మితే అదే పని దగా. చేతిపనిలో ఒక్క గీత తేడా లేదు, తేడా అంతా జబాన్‌లోనే.

నిస్బత్ అనే రెండో ఖానూన్

ఇంతవరకు చెప్పింది మొదటి ఖానూన్: మారనిదానికే ఖీమత్. రెండో ఖానూన్ దీన్ని తలకిందులు చేస్తుంది.

1970లో ఎరిక్ క్లాప్టన్ నాష్‌విల్‌లోని ఒక దుకాణ్‌లో పాత స్ట్రాటోకాస్టర్లు ఆరు కొన్నాడు, ఒక్కోటి 100 డాలర్ల చిల్లరకు. అప్పుడు వాటిని అడిగేవాడు లేడు. మూడు దోస్తులకు ఇచ్చాడు. మిగిలిన మూడింట్లో ఒకదాని మెడ, ఒకదాని చెక్క, ఒకదాని పికప్‌లు కలిపి ఒక నల్ల గిటార్ చేయించుకున్నాడు. మొదటి ఖానూన్ ప్రకారం అది అతుకుల బొంత. 2004 జూన్‌లో న్యూయార్క్ వేలంలో అది 9,59,500 డాలర్లకు పోయింది. ఆ పైసలు నషా వదిలించే ఆయన చికిత్సా కేంద్రానికి వెళ్లాయి. డేవిడ్ గిల్మోర్ నల్ల స్ట్రాటోకాస్టర్‌కు మెడలు మారాయి, పికప్‌లు మారాయి, చెక్కకు బెజ్జాలు పడ్డాయి. 2019 జూన్‌లో దాని ధర 39,75,000 డాలర్లు. ఆ వేలం సొమ్ము పర్యావరణ పరిరక్షణకు ఇచ్చేశాడు.

పీటర్ గ్రీన్ 1959 లెస్ పాల్‌లో ఒక పికప్ అయస్కాంతం తిరగబడి ఉంది. రెండు పికప్‌లు కలిపితే ముక్కుతో పాడినట్టు వింత ఆవాజ్. ఎవరైనా మెకానిక్ చూస్తే సరిచేసేవాడే. ఆ ఐబే దాని పహచాన్ అయ్యింది. గ్రీన్ నుంచి గ్యారీ మూర్‌కు, చేతులు మారి మారి 2014లో కర్క్ హ్యామెట్‌కు చేరింది. ఎవరూ దాన్ని సరిచేయలేదు.

ఇక 2005లో ఖతర్ రాజధాని దోహాలో ఒక కొత్త మామూలు స్ట్రాటోకాస్టర్ 27 లక్షల డాలర్లు పలికింది. పేరున్న వాద్యకారులు చాలామంది దాని మీద సంతకాలు చేశారు. సొమ్ము సునామీ బాధితుల కోసం. ఆ గిటార్‌కు ఉమ్ర్ లేదు, చెక్కలో ఖూబీ లేదు. అక్కడ కొన్నది నీయత్‌ను.

రాజుగారి ఖంజర్‌కు, మామూలు ఖంజర్‌కు తేడా ఉక్కులో ఉండదు గదా. నిస్బత్‌లో ఉంటుంది. నిస్బత్‌కూ సబూత్ కావాలి: పాత ఫోటోలో చెక్క మీది గీత, చార అచ్చంగా సరిపోవాలి. అంటే రెండో ఖానూన్ కూడా చివరికి గవాహీ మీదే నిలబడింది.

పాతదనం కూడా కార్ఖానాలో తయారు

ఖీమత్ ఉన్నచోట నక్లీ రాకుండా ఉంటుందా? పేటెంట్ స్టిక్కర్ ఉన్న పాత పికప్‌ల కోసం అదే కాలపు తక్కువ ధర గిటార్లను విప్పి అమ్ముకున్నారు. స్టిక్కర్లనే నకల్ కొట్టారు. తెలియనివాడు స్టిక్కర్ చూసి మురిసిపోతాడు, తెలిసినవాడు పికప్ అడుగున స్క్రూలు, వైరు చూస్తాడు.

1995లో ఫెండర్ కంపెనీయే ‘రెలిక్’ పేరుతో కొత్త గిటార్లను గీకి, రంగు ఎగరగొట్టి, లోహాన్ని తుప్పు పట్టించి అమ్మడం మొదలుపెట్టింది. ముప్పై ఏళ్లు వాయించినట్టు కనపడే గిటార్, నిన్న తయారైనది. కంపెనీ దాచలేదు కాబట్టి దగా అనలేం. కానీ ఆలోచిస్తే తకలీఫ్‌గా ఉంటుంది. అసలు గిటార్ మీది అరుగుదల ఒక మనిషి మోచేయి ముప్పై ఏళ్లు ఆనినచోట పడింది. ఇది ఇసుక కాగితంతో ఒక పూటలో పడింది.

ఇక్కడ మన నేల మాట కూడా ఒకటి చెప్పాలి. పాత గిటార్లలో చాలావాటి మెడ పలకలు బ్రెజిల్ రోజ్‌వుడ్. ఆ చెట్టు అడవుల్లో తరిగిపోతూ వచ్చింది. 1960ల చివరికల్లా అమెరికన్ కంపెనీలు దక్షిణ భారతపు రోజ్‌వుడ్‌కు మళ్లాయి. 1992 నుంచి బ్రెజిల్ రోజ్‌వుడ్ అంతర్జాతీయ వ్యాపారానికి సైటిస్ ఒప్పందం ప్రకారం అన్నిటికన్నా కఠినమైన ఆంక్షలున్నాయి. పాత గిటార్‌ను దేశం దాటించి అమ్మాలంటే కాగితాలు కావాలి. అందుకే దుబాయ్‌లోనో లండన్‌లోనో సస్తా దొరికిందని కొనేముందు ఆ కాగితాల హిసాబ్ చూసుకోవాలి.

కొనేవాడికి, అమ్మేవాడికి

మా చిన్నాపా కొడుకు డాలస్‌లో చదువుకుంటూ వాయిస్తాడు. ‘మామూ, 1970ల స్ట్రాటోకాస్టర్ ఒకటి దొరికింది, రంగు తర్వాత వేయించారట, కొననా? ఎట్లాగూ ధర పెరుగుతుంది గదా’ అని ఫోన్ చేశాడు. వాయించుకోవడానికైతే కొను బేటా అన్నాను. రంగు మారితే ఖీమత్ సగం పోతుంది, ఆవాజ్ సగం పోదు. ఆ తేడా నీకు ఫాయిదా. ధర పెరుగుతుందనైతే మాత్రం వద్దు. 2008 మందగమనంలో పాత గిటార్ల ధరలు ధడాల్న పడ్డాయి. అప్పు చేసి కొని పెట్టెలో దాచినవాళ్లు ఎన్నాళ్లో ఎదురుచూడాల్సి వచ్చింది. స్క్రూలు విప్పి చూపించమను, పాట్ నంబర్ల ఫోటో అడుగు, మెడ నిటారుగా ఉందా చూడు, ఫ్రెట్లు మార్చే ఖర్చు ధరలోంచి తీసెయ్ అని చెప్పాను. ఖుషీగా కొన్నాడు, వాయిస్తున్నాడు.

అమ్మేవాడి ఫర్జ్ మనకు కొత్త కాదు. సరుకులో ఐబ్ ఉంటే ముందే చూపించాలి. దీని రెండో వైపు గురించి మనం తక్కువ మాట్లాడతాం. ఊళ్లోకి వచ్చే కాఫిలాకు బజారు ధర తెలియకముందే దారిలో ఎదురెళ్లి సరుకు కొనేయడం మన తిజారత్‌లో మనా. పాత గిటార్ల దునియాలో ఆ కాఫిలా ఎక్కువసార్లు ఒక బేవా. మర్హూమ్ మంచం కింద దొరికిన పెట్టె తెచ్చి ‘దీనికి ఎంతిస్తారు?’ అంటుంది. అందులో ఉన్నది ఆమె ఇంటికన్నా ఖీమత్ ఉన్నదని దుకాణ్‌దార్‌కు తెలుసు. 100 డాలర్లు చేతిలో పెట్టి పంపడం చట్టప్రకారం సౌదానే. ఇల్మ్ ఉన్నవాడు దాన్ని ఎవరి మీద వాడుతున్నాడు అన్నదే అసలు ఇమ్తిహాన్. ధర చెప్పి, కమీషన్ తీసుకుని, ఆమె పేరుమీద అమ్మిపెట్టే దారి కూడా ఉంది. నిలకడగా పేరు నిలబెట్టుకోవాలనుకునే దుకాణ్‌దార్‌కు అదే దారి.

గిటార్ మన ఇళ్లల్లో ఉండకపోవచ్చు. పాత గడియారం ఉంటుంది, కుట్టుమిషన్ ఉంటుంది, బిద్రీ పాన్‌దాన్ ఉంటుంది, దాదా తెచ్చిన రేడియో ఉంటుంది. బిద్రీ మీది నలుపే దాని అందమని తెలియక చింతపండుతో తోమి తెల్లగా చేసిన ఇళ్లు ఎన్నో. ఈసారి అలాంటి వస్తువు చేతికి వస్తే తుడిచే ముందు ఒక కాగితం తీసుకోండి. ఎవరు కొన్నారు, ఏ ఏడాది, ఎక్కడ, ఎవరు బాగుచేశారు, ఏం మార్చారు, ఇంట్లో పెద్దలను అడిగి రాయండి. మార్చిన పాత ముక్క ఉంటే అదీ, ఆ కాగితమూ కలిపి ఒక కవర్లో వేసి ఆ వస్తువుతోనే ఉంచండి. మేరీ, గ్లోరియా అంతకన్నా ఎక్కువేమీ చేయలేదు. చిన్న టేపు ముక్క మీద తమ పేరు రాశారు, అంతే.